కుడి బుట్టకీ ఎడమ బుట్టకీ తేడా

ఇప్పుడంటే కొత్తిమీర కట్టకి కూడా చీటీ అంటించి అమ్ముతున్నారు గానీ, నేను డిగ్రీ చదివే కాలంలో ఖమ్మం బజారులో ఏ వస్తువుకీ ఒక ధర అంటూ ఉండేది కాదు. రెండు ఉండేవి. దుకాణదారు చెప్పేది ఒకటి, కొనేవాడు అడిగేది ఒకటి. అసలు ధర ఆ రెండింటి మధ్య ఎక్కడో ముడుచుకుని కూర్చుని, తనను ఎవరు ముందు పట్టుకుంటారా అని చూస్తూ ఉండేది. మాది కిరాణా దుకాణాల కుటుంబం. నాన్నది కిరాణా, పెదనాన్నది కిరాణా, మేనమామది భద్రాచలంలో కొబ్బరికాయల కొట్టు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు మాటలతో పాటే బేరమూ వచ్చేసింది. (బడికి టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మతో రెండు సూదులని ఒకటి చేసుకోమని మాట్లాడానని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ బేరం కుదరలేదన్న సంగతి మాత్రం దాచేది.)

ఇంతటి బేరగత్తెకి కాలేజీలో స్టాటిస్టిక్స్ ఒక్కటే కొరకరాని కొయ్య అయింది. అందులోనూ రెండు గుంపులని పోల్చే పాఠం మరీను. మా లెక్చరర్ మేడమ్ బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి, "ఇవి రెండు జనాభాలు. వీటి మధ్య తేడా ఉందో లేదో చూడాలి. ముందు తేడా ఏమీ లేదని అనుకోండి. అదే నల్ హైపాథసిస్," అనేది. నాకు అక్కడే గొంతులో వెలక్కాయ పడేది. తేడా లేదనుకున్నాక ఇంకా చూడటం దేనికి? పైగా చివర్లో ఒక జవాబు కూడా ఇవ్వదు; ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా ఎక్కడో ఉంటుంది అని ఒక హద్దు గీసి, దానికి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అని పేరు పెడుతుంది. "గోదావరిలో చేపని నేరుగా చూడలేం. వల వేస్తాం. ఇట్లాంటి వల వందసార్లు వేస్తే తొంభై అయిదు సార్లు చేప లోపల ఉంటుంది. ఈసారి ఉందో లేదో దేవుడికే తెలుసు," అని ఆవిడ చెబుతుంటే, చేప పడిందో లేదో తెలియకుండా వల ఎత్తే జాలరిని ఎవరు పోషిస్తారా అని నేను ఆలోచించేదాన్ని. యూనిట్ టెస్టులో వచ్చిన మార్కుల గురించి కూడా మేడమ్‌తో బేరమాడాను. ఆవిడ ఒకటి పెంచి, తలుపు వైపు చూపించింది.

పెద్ద పరీక్షలకి ముందు ఇచ్చిన సెలవుల్లో, ఇంట్లో దుకాణం గోలకి చదువు సాగడం లేదన్న నెపంతో, పుస్తకాల సంచీ తగిలించుకుని భద్రాచలం బస్సెక్కాను. (దుకాణం గోల పడక దుకాణానికే వెళ్లాను. నా తెలివి అలా ఉండేది.) అది ఇప్పపూలు రాలే కాలం. కొత్తగూడెం దాటాక బస్సు కిటికీల్లోంచి ఆ తీపి వాసన కమ్ముకొచ్చి, ముందు సీట్లో పెద్దాయన నిద్రలో కూడా నవ్వుతున్నాడు. శ్రీరామనవమి దగ్గర పడుతోంది. వంతెన దాటేసరికి ఊరంతా పందిళ్లు, మైకులు, జనం. గుడి మెట్ల కింద మొదటి కొట్టు మా మామయ్యది. నవమి నాడు అక్కడ నిలబడితే ఏడాదంతా కూర్చుని తినొచ్చనేవారు. అలాంటి చోట, అలాంటి సమయంలో, మామయ్య గోనెపట్టా మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

"ఏంది మామా, గిట్ల కూసున్నవ్? బోణీ కాలేదా?"

"వచ్చినవా కోడలా," అన్నాడు నీరసంగా. "బోణీ గాదు, కొట్టే లేస్తున్నది. ఈ జాగ ఖాళీ చేసి బస్టాండు కాడికి పొమ్మంటున్నరు సంఘపోళ్లు."

కారణం అమ్మమ్మ చెప్పింది. ఆవిడ కొట్టు వెనకాల నులకమంచం మీద కూర్చుని కొబ్బరి పీచు ఒలుస్తూ ఉండేది. వినపడటం తగ్గాక మాట్లాడటం పెంచింది. "మనోడి కాయలన్నీ కుళ్లినయంట. ఊరంతా గదే మాట. దేవుడి దగ్గర కాయ కుళ్లితే ఎంత దిగులు! కొత్త పెండ్లివాళ్లు ఏడ్చుకుంట వస్తున్నరు. చూడు గా కుప్ప!"

చూశాను. కొట్టు ముందు, సరిగ్గా వచ్చేపోయేవాళ్ల కాళ్లకి తగిలేట్టు, కుళ్లిన కొబ్బరి చిప్పల కుప్ప. దాని మీద ఈగల మేళం. మా మామయ్యకి ఒక పద్ధతి ఉండేది. కాయ కుళ్లిందని ఎవరు చిప్ప తెచ్చి చూపించినా, మారు మాట్లాడకుండా ఇంకో కాయ చేతిలో పెట్టేవాడు. తెచ్చిన చిప్ప అక్కడ పడేయించుకునేవాడు. దేవుడి ముందు చిన్నబోయి వచ్చిన మనిషిని ఇంకా నిలబెట్టి ప్రశ్నలడగడం తన వల్ల కాదనేవాడు. ఎదురు వరసలో పెద్ద గొడుగు వేసుకుని అమ్మే ఆసామి (గోదావరి దిగువ జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, మేమంతా గొడుగు బాబాయి అనేవాళ్లం) కొట్టు ముందు మాత్రం అద్దంలా ఊడ్చి, ముగ్గేసి ఉండేది. ఒక్క చిప్ప లేదు. ఇక ఎవరి కాయలు మంచివో జనానికి ఒకళ్లు చెప్పాలా?

"ఎక్కడి కాయలు మామా నీవి?"

"లారీ భాయి తెస్తడు, కోనసీమ నుంచి. గొడుగాయనకు గూడ ఆయనే ఏస్తడు. ఒక్కటే లారీ."

నా బుర్రలో ఏదో టక్కుమంది. ఒకే లారీ. అంటే తేడా లేదని అనుకుని మొదలుపెట్టడంలో తప్పేముంది? మేడమ్ గీసిన రెండు గుండ్రాలు మొదటిసారి నాకు కొబ్బరికాయల్లా కనిపించాయి.

గుడి దగ్గరి దుకాణదారుల సంఘానికి పెద్ద తూకం తాతయ్య. మాట కూడా కాటాలో పెట్టి తూచి, మొగ్గు సరిచూసి వదులుతాడని ఆ పేరు. సాయంత్రం సంఘం అరుగు మీద పంచాయితీ పెట్టారు. మామయ్య తల వంచుకుని నిలబడితే, నేను ఆయన వెనక నిలబడ్డాను. గొడుగు బాబాయి అంటున్నాడు: "నాకేం పగా తాతగారూ? గుడి మెట్ల కింద మొదటి కొట్టండీ అది. ఊరి పరువండీ. అక్కడ కుళ్లు కాయలు పెడితే యాత్రికులు ఏమనుకుంటారు చెప్పండి!"

"నీ కాయలు కుళ్లవా బాబాయ్?" అన్నాను.

"ఎవరీ పిల్ల?"

"నా మేనకోడలు," అన్నాడు మామయ్య. "డిగ్రీ చదువుతది. లెక్కలు." ఆ 'లెక్కలు' అనేటప్పుడు ఆయన గొంతులో పలికిన గర్వానికి నా యూనిట్ టెస్టు కాగితం సంచీలో సిగ్గుపడింది.

"తాతయ్యా," అన్నాను, "ఈయన కాయలు నూరు, ఆయన కాయలు నూరు అందరి ముందు కొట్టి చూద్దాం. మా మామవే ఎక్కువ కుళ్లినయని నిజంగ తేలితే, కొట్టు నేనే మోసుకొని బస్టాండుకు తీస్కపోత."

తూకం తాతయ్య చాలాసేపు తూచాడు. "కొడితే కాయలు ఖరాబు గాదా?"

"నవమికి ఎన్ని హోటళ్లు పెట్టిన్రు? అందరికీ చట్నీకి కొబ్బరి గావాలె. ఇప్పుడే మాట్లాడుకొని వచ్చిన." (నిజంగానే వచ్చాను. అరుగు ఎక్కే ముందే రెండు హోటళ్లకి చిప్పలు ఒప్పుకున్నాను. ఆ వారం భద్రాచలంలో ఇడ్లీ తిన్నవాళ్లంతా స్టాటిస్టిక్స్ తిన్నట్టే.) తాతయ్య కళ్లలో నా మీద మొదటిసారి మర్యాద కనిపించింది. చదువు సంగతి ఎలా ఉన్నా, బేరం తెలిసిన పిల్ల అని.

మర్నాడు పొద్దున్నే అరుగు ముందు తిరునాళ్లలా చేరారు. రెండు కొట్ల సరుకూ చెరొక కుప్ప పోశారు. అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. ఒక్కో కుప్పలోంచి నూరు కాయలు ఎవరు తీయాలి? ఎంచకుండా తీయాలని, చేతికి ఏది వస్తే అది తీయాలని నేను చెప్పాను. గొడుగు బాబాయి ముందుకొచ్చి ఒక కాయ అందుకున్నాడు. అందుకోగానే ఆయన చెయ్యి తనంతట తానే చెవి దగ్గరికి వెళ్లి కాయని ఊపింది. "ఊపొద్దు!" అని అరిచాను. మామయ్య వచ్చాడు, ఆయన వేలు కాయ మీద టకటకమని కొట్టేసింది. "కొట్టొద్దు మామా!" లారీ భాయి నవ్వుతూ వచ్చి, చూపుతోనే కాయకున్న మూడు కళ్లూ వెతికి మరీ తీశాడు. ఇలా కాదని నేనే దిగాను. తీరా చూస్తే నా చెవి దగ్గర కూడా ఒక కాయ గలగలలాడుతోంది. అందరూ గొల్లున నవ్వారు. ఆ అరుగు చుట్టూ పుట్టి పెరిగినవాళ్లలో కొబ్బరికాయని పరీక్షించకుండా పట్టుకోగలిగిన చెయ్యి ఒక్కటీ లేదు. మేడమ్ పుస్తకంలో 'యాదృచ్ఛికంగా' అని ఒక్క మాటలో రాసి పారేసిన పని ఇంత కష్టమని ఆ పుస్తకం రాసినవాళ్లకి తెలిసి ఉండదు.

చివరికి అమ్మమ్మని తీసుకొచ్చాం. ఆవిడకి చెవి వినపడదు కాబట్టి ఊపినా లాభం లేదు. కుప్పకి వీపు పెట్టించి స్టూలు మీద కూర్చోబెట్టాం. చెయ్యి వెనక్కి చాచి అందినది తీసి ఇవ్వాలి. కుప్పని తాతయ్య మనిషి పారతో కలియబెడుతూ ఉంటాడు. "నన్నెందుకు గోడ దిక్కు కూసోబెట్టిన్రు? ఏం తప్పు జేసిన?" అని ఆవిడ గొణుగుతూనే మొదలుపెట్టింది. మొదట గొడుగు బాబాయి కుప్ప, తర్వాత మామయ్యది. ఒక్కో కాయా రాయి మీద పడి పగులుతుంటే జనం ముక్కులు ముందుకి చాచి చూశారు. తెల్లగా వస్తే "ఆఁ" అని, నల్లగా వస్తే "ఛ" అని. కొట్టినవి కొట్టినట్టు బుట్టలకెత్తాం. ఒక బుట్టలో యాభై కాయల చిప్పలే పట్టాయి కాబట్టి ఒక్కొక్కరికి రెండేసి బుట్టలయ్యాయి.

లెక్క తేలింది. మామయ్య నూరు కాయల్లో తొమ్మిది కుళ్లు. గొడుగు బాబాయి నూరింటిలో ఆరు.

మామయ్య మొహం మాడిపోయింది. గొడుగు బాబాయి గొడుగు లేకుండానే వెలిగిపోయాడు. "చూశారా తాతగారూ! తొమ్మిది ఎక్కువా, ఆరు ఎక్కువా? దీనికి డిగ్రీ కావాలా అండీ?"

"ఆగు బాబాయ్," అని సుద్దముక్క తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. వర్గమూలం దగ్గర చెమట పట్టింది. (ముందు తప్పు వచ్చింది. తుడిచి మళ్లీ వేశాను. తుడిచినప్పుడు 'ముగ్గు కుదరలేదా అమ్మా' అని ఎవరో అడిగారు.) కొసకి హద్దులు దొరికాయి. లేచి నిలబడి చెప్పాను. "తాతయ్యా, అమ్మేవాడు ఒక ధర చెప్తడు. కొనేవాడు ఒక ధర అడుగుతడు. అసలుది మధ్యల ఉంటది. అవునా?"

"అవ్."

"ఈ నూరు కాయలు చెప్పేది గూడ గట్లనే. పై ధర ఏందంటే, ఆయనకన్న మా మామకు నూటికి పది కాయలు ఎక్కువ కుళ్లొచ్చు. కింది ధర ఏందంటే, ఆయనకన్న నాలుగు కాయలు తక్కువ గూడ కుళ్లొచ్చు. అసలు సంగతి ఈ రెండింటి నడుమ యాడనో ఉన్నది. అసలు తేడానే లేదన్న మాట గూడ ఈ నడుమనే కూసొని ఉన్నది. దాన్ని లేపే బలం ఈ మూడు కాయల తేడాకు లేదు."

తాతయ్య కనుబొమ్మలు కలిశాయి. "అంటే మీ మామ కాయలు మంచియే అంటవ్."

"అట్ల అన్లే. చెడ్డయని రుజువు గాలేదంటున్న."

"రుజువు గాకపోతే మంచియే గద?"

"అట్ల గూడ గాదు తాతయ్యా."

"ఏందమ్మా నువ్వు," అన్నాడాయన విసుగ్గా, "మంచియి గావు, చెడ్డయి గావు. ఇది లెక్కా, తగువు పెట్టుడా?" జనం నవ్వారు. గొడుగు బాబాయి అందరికన్నా గట్టిగా నవ్వాడు. మామయ్య నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "పోనీలే కోడలా, బస్టాండు గూడ మంచిదే, నీడుంటది," అన్నాడు. ఆ మాటతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తల దించుకున్నాను. దించుకున్న చూపు సరిగ్గా గొడుగు బాబాయి రెండు బుట్టల మీద పడింది.

ఎవరూ చూడని సంగతి ఒకటి ఆ బుట్టల్లో ఉంది. గబగబా వంగి చిప్పలు తిరగేశాను. మళ్లీ తిరగేశాను. ఇక నా లోపలి బేరగత్తె నిద్ర లేచింది.

"బాబాయ్, ఇటు రా. ఇది నీ ఎడమ బుట్ట. ఇందుల యాభై కాయలు. కుళ్లినయి ఎన్ని?"

వంగి చూశాడు. "ఒకటి."

"ఇది నీ కుడి బుట్ట. ఇందుల గూడ యాభయ్యే. కుళ్లినయి?"

లెక్కపెట్టాడు. గొంతు తగ్గింది. "అయిదు."

"ఒక్కటే లారీ. ఒక్కటే కొట్టు. తీసింది గూడ ఒక్క మనిషే, అదీ చూడకుంట. అయినా నీ కుడి బుట్ట నీ ఎడమ బుట్ట కన్న అయిదింతలు కుళ్లు. నీకూ మా మామకూ నడుమ తేడా మూడు కాయలు. నీకూ నీకూ నడుమ తేడా నాలుగు! ఇప్పుడు చెప్పు, నిన్ను ఎటు దిక్కు లేపుదాం? కుడిపక్కోన్ని బస్టాండుకు పంపి, ఎడమపక్కోన్ని ఈడ్నే ఉంచుదామా?"

లారీ భాయి తొడ చరిచి, "వాహ్ బేటీ!" అన్నాడు. ఇక జనం ఆగలేదు. నవ్వి నవ్వి ఒకాయన అరుగు దిగి కూర్చున్నాడు. ఇంకొకరు గొడుగు బాబాయి దగ్గరికెళ్లి, "కుడి అన్నా బాగున్నవా, ఎడమ అన్నా బాగున్నవా," అని రెండు చేతులూ విడివిడిగా పలకరించారు. గొడుగు బాబాయి కూడా పాపం నవ్వు ఆపుకోలేకపోయాడు. అమ్మమ్మ ఒక్కతే ఇంకా గోడ వైపు తిరిగి, "అయిపోయిందా? ఎవలు గెలిచిన్రు? ఎవలూ చెప్పరేందిరా?" అని అడుగుతోంది.

తూకం తాతయ్య నవ్వలేదు. ఆయన బుట్టల వంక చూస్తూ, తలలో కాటా సరిచేసుకుంటూ ఉన్నాడు. "ఇది సమజైంది," అన్నాడు చివరికి. "ఊరికే పంచుకున్నా తేడా వస్తది. గదంత తేడాకు మనిషిని లేపొద్దు. ఒప్పుకున్న. కానీ పిల్లా, ఒక్కటి చెప్పు. తేడా లేనప్పుడు కుప్ప మీ మామ కొట్టు ముందే ఎందుకున్నది? గొడుగాయన ముందు ఒక్క చిప్ప గూడ ఎందుకు లేదు?"

అప్పటిదాకా ఎగిసిన గాలిపటం తోక తెగినట్టయింది. ఆ కుప్ప నిజం. ఈగలు అబద్ధమాడవు. ఆ రాత్రి అత్తయ్య ఒళ్లోని పసివాడు నా జడ పట్టుకుని లాగుతుంటే, పిల్లవాడి నుదుటి మీద ఆవిడ పెట్టిన కాటుక చుక్క చూస్తూ కూర్చున్నాను. ఏ పిల్లాడు ఎవరి పిల్లాడో తెలియాలంటే బొట్టు పెడితే సరి కదా అనిపించింది. లేచి సంఘం అరుగుకి పరుగెత్తాను.

మర్నాడు మామయ్య అమ్మే ప్రతి కాయకీ పసుపు బొట్టు, గొడుగు బాబాయి అమ్మే ప్రతి కాయకీ కుంకుమ బొట్టు. గొడుగు బాబాయి వెంటనే ఒప్పుకున్నాడు; బొట్టు పెట్టిన కాయ చూడముచ్చటగా ఉంటుందని, ఆ రోజు ఆయన గిరాకీ కూడా పెరిగింది. తూకం తాతయ్య పొద్దున్నే మా కొట్టు పక్కన కుర్చీ వేయించుకుని, ఊతకర్ర మీద గడ్డం ఆనించి, కుప్పకి కాపలా కూర్చున్నాడు. పాత చిప్పలన్నీ ఎత్తించి నేల కడిగించాం.

ఎండ ఎక్కుతుండగా మొదటి ఉరుము వచ్చింది. తల్లాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కొంగు నడుముకి చెక్కి, చేతిలో చిప్పతో మెట్లు దిగుతూనే అందుకుంది. "ఏమయ్యా! మనవరాలి పెండ్లయి నెల గూడ గాలే. దేవుని కాడికి తెస్తే గిట్లాంటి కాయ ఇస్తవా? ఛీ, నీ కొట్టు పాడుగాను!" అని చిప్పని నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ వచ్చి తూకం తాతయ్య కాళ్ల దగ్గర ఆగింది. చిప్ప వీపు మీద ఎర్రగా, నిండుగా, కుంకుమ బొట్టు.

తాతయ్య చిప్ప చూశాడు. నన్ను చూశాడు. మామయ్య అప్పటికే ఇంకో కాయ తీసి, పసుపు బొట్టు పెట్టి, రెండు చేతులతో ఆవిడకి ఇస్తూ, "తప్పయింది తల్లీ, మనవరాలు చల్లగుంటది, మళ్ల పో," అంటున్నాడు.

"అమ్మా," అన్నాడు తాతయ్య, "ఈ కాయ ఏడ కొన్నవ్?"

"అదో, ఆ గొడుగు కింద."

"మరి ఈడికి తెచ్చినవేంది?"

"ఆయనే చెప్పిండు! 'ఇక్కడ మార్చమమ్మా, అదిగో మెట్ల కింద కొట్టుంది చూడు, అక్కడ మారుస్తారు, అటెళ్లు' అన్నడు. ఈ కొట్టు మారిచేటి కొట్టంట గద? బస్సుల గూడ చెప్పుకుంటున్నరు."

మారిచేటి కొట్టు! నేను గోనె మీద కూలబడి పగలబడి నవ్వాను. ఊళ్లో కుళ్లిన ప్రతి కాయా తన పుట్టిల్లు వదిలి మా మామయ్య దగ్గరికి శరణు వచ్చింది. ఆయన మంచితనమే ఆయన కొట్టు ముందు కుప్పపడి ఈగల్ని పిలిచింది. మధ్యాహ్నానికి కుప్ప మళ్లీ పెరిగింది. అందులో పసుపు బొట్లు కొన్నే. కుంకుమ బొట్లు అంతకన్నా ఎక్కువ. ఇక ఏ బొట్టూ లేనివి అన్నిటికన్నా ఎక్కువ, అంటే బస్టాండు దాకా ఉన్న దుకాణాలన్నింటివీ. (ఒకాయన తెచ్చిన చిప్ప ఎండి చెక్కయి ఉంది. అడిగితే పోయిన పండక్కి కొన్నదని ఒప్పుకున్నాడు. మామయ్య దానికి కూడా కాయ ఇచ్చాడు. నేను ఆయన చెయ్యి పట్టుకునేలోపే.)

గొడుగు బాబాయిని పిలిపించారు. ఎర్ర బొట్ల వరస చూసి ఆయన నిజంగానే నోరు తెరిచాడు. "నేను ఊరికే దారి చూపించానండీ. అలవాటండీ. రోజూ చెప్పేదేగా! కాయలు ఆయనవే చెడ్డవని నేనూ నమ్మేశానండీ, కుప్ప కళ్లకి కనపడుతుంటే..." అబద్ధం కాదది. తాను పంపిన చిప్పల కుప్పని చూసి తానే భయపడ్డ మనిషి ఆయన.

తూకం తాతయ్య లేచి నిలబడి, ఊతకర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచాడు. "మెట్ల కింద మొదటి కొట్టు ఈయనదే. నేనున్నన్ని రోజులు ఎవ్వడూ లేపడు. ఇగ నుంచి ఎవని కాయకు వాడు బొట్టు పెట్టాలె. ఎవని కాయ వాడే మార్చాలె. మార్చనోడు బస్టాండుకు పోవాలె." అని, నా వైపు తిరిగి, "ఏం జదువే అది?" అన్నాడు. చెప్పాను. పేరు నోట్లో తిప్పుకుని చూసి, "మస్తు చదువు. బేరం లెక్కనే ఉన్నది," అన్నాడు. యూనివర్సిటీవాళ్లు ఇచ్చిన పట్టా కన్నా ఆ మాట నాకు ఇప్పటికీ బరువైనది.

నవమి నాడు మా కొట్టు ముందు నిలబడటానికి సందు లేకపోయింది. 'మారిచేటి కొట్టు' అన్న పేరు బస్సులెక్కి ఖమ్మం దాకా వెళ్లింది. అమ్ముతున్నది చేతులు కాదు, నాలుగు గాలిమరలు అన్నట్టు మామయ్య, అత్తయ్య, నేను, లారీ భాయి కూడా పని చేశాం. సాయంత్రం మామయ్య నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కి, మొక్కు చెల్లించడానికి తన కొట్లోంచి ఏరి, ఊపి, టకటకలాడించి మరీ తెచ్చిన కాయ కొట్టించాడు. కుళ్లిపోయింది. మామయ్య ఒక్క క్షణం చూసి, హాయిగా నవ్వేశాడు. "ఒక్క కాయతో ఏం తేలుతది కోడలా?"

ఆ ఏడు పరీక్షలో సరిగ్గా రెండు గుంపుల పోలికే వచ్చింది. కాగితం మీద ఏవో రెండు రకాల బల్బులు అడిగారు గానీ, నేను రాసింది మొత్తం కొబ్బరికాయల్ని తలుచుకునే. మార్కులు చూసి మేడమ్, "ఎవరు చెప్పారు నీకు?" అంది. మా అమ్మమ్మ అన్నాను. ఆవిడ నమ్మలేదు.

మొన్న మళ్లీ భద్రాచలం వెళ్లాను. మామయ్య లేడు. ఆ రాత్రి నా జడ లాగిన పసివాడే ఇప్పుడు మెట్ల కింద కొట్టు చూస్తున్నాడు. నుదుటి మీద కాటుక చుక్కకి బదులు నెరిసిన జుట్టు. నన్ను చూడగానే "వదినా!" అని లేచి, కాయ చేతిలో పెట్టి, ధర అడిగితే చెవులు మూసుకున్నాడు. బేరం లేని కాయ దేవుడికి ఇవ్వడం నా వల్ల కాలేదు. వాడు చూడకుండా ఆ కాయ మళ్లీ గుట్టలో పెట్టేసి, ఎదురు వరసలో గొడుగు కింద (గొడుగు మారింది, మనిషి మారాడు, బాబాయి మనవడట) కాసేపు కడుపునిండా బేరమాడి, గెలిచి, కాయ కొనుక్కుని పైకెళ్లాను. కొట్టాను. నల్లగా వచ్చింది.

ఆ గొడుగు పిల్లాడి దగ్గరికే వెళ్లాలి కదా! వెళ్లలేదు. కాళ్లు వాటి దారిన అవి నడిచి మెట్ల కింద మొదటి కొట్టు ముందు నిలబడ్డాయి. చిప్ప చూపించాను. మా మరిది దాన్ని తిరగేసి చూశాడు. ఎర్రగా, నిండుగా, కుంకుమ బొట్టు.

"వదినా," అన్నాడు వాడు, నవ్వు బిగబట్టుకుంటూ, "ఇది మనది గాదు. రూలు నువ్వే పెట్టించినవంట గద?"

ఇన్నేళ్ల చదువూ, ఇన్నేళ్ల బేరమూ పక్కన పెట్టి చెయ్యి చాచాను. వాడు ఇంకో ప్రశ్న అడగలేదు. ఒక కాయ తీసి, పసుపు బొట్టు పెట్టి, వాళ్ల నాన్న ఇచ్చినట్టే రెండు చేతులతో ఇచ్చాడు. నేను అందుకున్నాను. అందుకోగానే నా చెయ్యి తనంతట తానే ఆ కాయని చెవి దగ్గరికి తీసుకెళ్లింది. లోపల నీళ్లు గలగలమన్నాయి.